హీటరు మీద గుడ్లు

నేను ఒక హీటర్‌ని. స్నానానికి నీళ్లు కాచే రకాన్ని కాను. చేపల తొట్టిలో ఓ మూల నిలువుగా మునిగి, నీళ్లు చల్లబడితే వెలిగి, వెచ్చబడితే ఆరిపోయే గాజు గొట్టాన్ని. జానెడు పొడుగు, బొటనవేలంత లావు. లోపల ఒక తీగచుట్ట, నెత్తిన తిప్పే మీట, మీట పక్కన ఎర్రటి చిన్న దీపం. స్థిమితం అనేది నా తయారీలోనే లేదు. నీళ్లు పిసరంత చల్లబడితే చాలు, లోపల ఏదో టక్కుమంటుంది, ఇక ఉండబట్టదు. వెలుగుతాను. కాస్త వెచ్చబడగానే మళ్లీ టక్కు, ఆరిపోతాను. ఆరానన్న మాటే కానీ, మళ్లీ ఎప్పుడు వెలగాలా అన్న ధ్యాసే. ఇలాంటి వాళ్లను మీ మనుషుల్లోనూ చాలామందినే చూశాను.

నన్ను చేసిన చోట ఒక అమ్మాయి నన్ను బకెట్టు నీళ్లలో ముంచి పరీక్షించింది. పక్క బల్ల దగ్గరి మనిషితో కబుర్లాడుతూ, నా దీపం వెలిగిందో లేదో ఓరకంట చూసి అట్టపెట్టెలో పడేసింది. పెట్టె మీద నా బొమ్మ కంటే చేప బొమ్మే పెద్దగా అచ్చేశారు. నా స్థానమేమిటో నాకు అప్పుడే అర్థం కావలసింది, కాలేదు.

ఆదిలాబాదు వచ్చాక మొదట ఒక పళ్ల డాక్టరు నన్ను కొన్నాడు. లోపలి గదిలో మర చప్పుడు వినిపించకుండా, బయట కూర్చున్న రోగులు చేపలను చూస్తూ ఉండాలని ఆయన ఆశ. తొట్టిలో ఉన్నవి గోల్డు చేపలు. వాటికి చల్లటి నీళ్లే హాయి. పాపం, నేను వాటిని ఓ చలికాలమంతా ఉడకబెట్టినంత పని చేశాను. రోగులేమో చేపలను చూడటం మానేసి లోపలి తలుపునే చూస్తూ కూర్చునేవారు. డాక్టరుకు విసుగొచ్చి తొట్టిని, నన్ను కలిపి చేపల దుకాణం జావీద్‌కు తిరిగి అమ్మేశాడు. జావీద్ నా ఒంటి మీది పాచి గీకి, ఎండలో తుడిచి, "కొత్త మాలు" అని అరలో నిలబెట్టాడు. వయసు దాచుకోవడం నాకేమీ నామోషీ అనిపించలేదు.

అక్కడి నుంచి నన్ను తీసుకుపోయినవాడు భోజన్న. ఆయన కథే మీకు చెప్పబోయేది.

భోజన్న ఆర్టీసీ బస్సు డ్రైవరు. ఒక మధ్యాహ్నం ఘాట్ రోడ్డు దిగుతుండగా కళ్లు తిరిగాయి. ఎలాగో బస్సును రోడ్డు పక్కకు తెచ్చి, ఆపి, స్టీరింగు మీద తల వాల్చేశాడు. బస్సులో ఎవరికీ ఏమీ కాలేదు కానీ, బీపీ చూసిన డాక్టరు కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడట. కొన్నాళ్లు బండి ముట్టుకోవద్దన్నారు. ఆ తర్వాత హైదరాబాదులో డాక్టర్ల బోర్డు పరీక్ష పెడుతుంది, బీపీ దారికొస్తే మళ్లీ స్టీరింగు ఇస్తారు, లేకపోతే లేదు. అంతే సంగతి. ఇరవై ఏళ్లుగా పొద్దున లేచి బండెక్కిన మనిషికి ఆ "లేకపోతే" అన్న మాట నిద్రలో కూడా వినపడేది.

ఇంట్లో ఆయన కాలు నిలిచేది కాదు. గదిలోకీ వాకిట్లోకీ తిరిగేవాడు. కూర్చున్నా కుడి మడమ నేలకు నొక్కుకుంటూ ఉండేది, వీధిలో ఆటో హారను వినపడితే చాలు, కాలు బ్రేకు వేసేది. డాక్టరే సలహా ఇచ్చాడు, ఇంట్లో చేపల తొట్టి పెట్టుకో, రోజూ కాసేపు చూస్తూ కూర్చుంటే బీపీ తగ్గుతుందని. భార్య గంగామణిని వెంటబెట్టుకుని జావీద్ దుకాణానికి వచ్చాడు.

జావీద్ మంచి బేరగాడు. ఎర్ర గీత, నీలి గీత మెరిసే సన్నటి నియాన్ చేపల గుంపును చూపించాడు. వాటితోపాటు రూపాయి బిళ్లంత ఏంజెల్ చేపలు రెండు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. ఏంజెల్ పెరిగి అరచెయ్యంత అవుతుందనీ, తన నోట్లో పట్టేదాన్ని దేన్నీ వదలదనీ జావీద్‌కు తెలుసు. ఆ సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పింది ఇది:

"నల్లది ఇంట్ల ఉంటే మంచిదొదినా. ఇగో, ఒక్కటి యాదుంచుకో. తొట్టిల చేప పోతే పరేషాన్ కావద్దు. ఇంటి మీదికి వచ్చేదాన్ని అది తీస్కపోయినట్టు."

గంగామణి ఆ మాటను కొంగున ముడేసుకుంది. భోజన్న చేపలు కొన్నాడు, ఆమె ధైర్యం కొనుక్కుంది. ఇద్దరికీ సరుకు ఇచ్చి డబ్బు ఒక్కరి దగ్గరే తీసుకున్నాడు కాబట్టి జావీద్‌ను మరీ తిట్టలేను.

కొన్ని నెలలు గడిచాయి. ఏంజెల్ చేపలు పెరిగాయి. నీళ్లలో అంత ఠీవిగా తిరిగే ప్రాణి మరొకటి లేదని ఒప్పుకోక తప్పదు. పొడవాటి రెక్కలు దించుకుని, ఎక్కడికీ తొందర లేనట్టు కదులుతాయి. వచ్చినవాళ్లంతా "ఎంత నెమ్మదైన చేపలో" అనేవారు. నేను మూల నుంచి చూస్తూ, తెల్లవారుజామున ఓసారి వచ్చి చూడండి అనుకునేదాన్ని. ఇంకా లైటు వెయ్యని ఆ వేళ నియాన్లు మత్తుగా ఒకచోట నిలిచి ఉండేవి. నల్లది తలవంచి మెల్లగా వచ్చేది. చప్పుడుండదు, పరుగుండదు. నోరు ఒక్కసారి తెరుచుకునేది, అంతే. ఎర్ర గీత ఉన్న చిన్న తోక పెదవుల మధ్య కాసేపు ఆడి లోపలికి పోయేది.

పొద్దున గంగామణి వచ్చి చూసి, ఒకటి తగ్గిందని గుర్తుపట్టి, చేతులు జోడించేది. మొదటిది పోయిన రోజు వంటింట్లో కుక్కరు మూత ఎగిరి పైకప్పుకు తగిలింది, ఆమె ఒంటి మీద ఒక్క మెతుకు పడలేదు. ఇంకొకటి పోయిన వారం భోజన్నకు షుగరు లేదని రిపోర్టు వచ్చింది. ఇక చెప్పేదేముంది! తొట్టి అద్దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఆ బొట్టు ఎదురుగానే నల్లది నిలబడి రెక్కలాడించేది, తన పూజే కదా అన్నట్టు.

ఒక తెల్లవారుజామున నిద్రపట్టక భోజన్న లేచొచ్చి తొట్టి ముందు కూర్చున్నాడు. చూశాడు. నల్లది రావడం, నోరు తెరవడం, తోక లోపలికి పోవడం అన్నీ చూశాడు. ఆయన మడమ నేలను అదిమేసింది. బ్రేకు పడలేదు. అద్దం మీద చేత్తో కొట్టాడు, చేపలన్నీ చెల్లాచెదురయ్యాయి, మింగింది మాత్రం బయటికి రాలేదు.

ఆ చప్పుడుకు గంగామణి వచ్చింది. తొట్టిలోకి తొంగి చూసింది. ముఖం వెలిగిపోయింది.

"ఇంకోటి పోయింది, సూశినవా? నీ గుండె మీది బరువే తీస్కపోయింది. నా మాట విను, బోర్డుల పాసయితవ్ నువ్వు."

ఆయన కళ్లు తిరిగిన రోజు నుంచి ఆమె అలా నవ్వడం అదే మొదటిసారి. భోజన్న నోటి దాకా వచ్చిన మాటను మింగేశాడు. "గట్లనే కానీ," అన్నాడు, తల దించుకుని.

ఆ రోజు నుంచి ఆయన కాపలా మొదలైంది. నల్లదాని కడుపు నిండితే నియాన్ల జోలికి పోదని దానికి కొసరి కొసరి మేత వేసేవాడు. చీకటుండగానే లేచి లైటు వేసేవాడు. అది తలవంచితే ఈయన లేచి నిలబడేవాడు. బీపీ తగ్గడానికి తెచ్చిన చేపల వల్ల బీపీ పెరిగింది. డాక్టరు "చేపల్ని చూస్తున్నావా లేదా?" అని అడిగితే, "సూస్తనే ఉన్న సార్, కండ్లు పక్కకు తిప్పుతలేను" అన్నాడట. ఇంత చేసినా నియాన్లు ఒక్కొక్కటే తగ్గి, దసరా దాటేసరికి ఒక్కటీ మిగల్లేదు.

ఇప్పుడు గంగామణికి బెంగ పట్టుకుంది. బోర్డు తేదీ దగ్గర పడుతోంది, తొట్టిలో తీసుకుపోయేవి ఏవీ లేవు. ఇంకొన్ని నియాన్లు తెద్దామని రోజూ పోరు పెట్టేది. భోజన్న వద్దంటాడు. ఎందుకు వద్దో చెప్పడు. "నీ మంచికే కదయ్యా అంటున్న," అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఆయన లేచి వాకిట్లోకి పోయేవాడు. భార్యకు ధైర్యం పోకూడదు, చేపలు చావకూడదు, రెండూ ఒకేసారి కాపాడటం ఆయన వల్ల కాలేదు.

అంతలో చలి దిగింది. ఆదిలాబాదు చలి గురించి వేరే చెప్పాలా! నేను వెలిగి ఆరడం కాదు, వెలిగి వెలిగి అలసిపోయేదాన్ని. ఆ రోజుల్లోనే తెల్లదీ నల్లదీ జతకట్టాయి. నా మూలకు మేత వేసే చేతిని కూడా రానిచ్చేవి కావు. తర్వాత వింతగా రెండూ కలిసి నా గాజును నోటితో తుడవడం మొదలుపెట్టాయి. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి ఒకటే తుడుపు. నాకు గర్వమేసింది. పళ్ల డాక్టరు దగ్గరి నుంచి ఇప్పటిదాకా నన్ను అంత శ్రద్ధగా చూసినవాళ్లు లేరు.

ఒక మధ్యాహ్నం, ఎండకు నీళ్లు వెచ్చగా ఉండి నేను ఆరిపోయి ఉన్న వేళ, తెల్లది నా ఒంటికి పొట్ట ఆనించి మెల్లగా పైకి పాకింది. వెనకే నల్లది. మళ్లీ తెల్లది. చూస్తుండగానే నా ఒళ్లంతా గుడ్లు వరుసలు కట్టాయి, నానిన సగ్గుబియ్యంలా. నిలువుగా, నున్నగా ఉండే చోటు చూసుకుని పెడతాయట. ఆకు మీద పెడతాయి, రాతి మీద పెడతాయి. తొట్టిలో అంత చోటుండగా నన్నే ఎంచుకున్నాయి. సాయంత్రం దాకా నా ఆనందానికి అంతు లేదు.

పొద్దు గుంకింది. నీళ్లు చల్లబడ్డాయి. లోపల టక్కుమంది.

వద్దనుకుంటే ఆగే వీలు నాకు లేదు. తీగ ఎర్రబడింది, గాజు కాలింది. కింది వరుసల గుడ్లు పాలిపోయి తెల్లబడ్డాయి. తెల్లది కంగారుగా చుట్టూ తిరుగుతూ రెక్కలతో విసిరింది, చల్లార్చబోయినట్టు. ఎవరిని వెచ్చగా ఉంచడానికి నన్ను చేశారో వాళ్లనే నేను కాలుస్తున్నాను. ఇంతకంటే అవమానం నా జన్మలో లేదు.

భోజన్న చూశాడు. ఒక్క ఉరుకున వచ్చి ప్లగ్గు పీకేశాడు. వెంటనే జావీద్‌కు ఫోను చేశాడు.

"ఇంకో హీటరున్నదా భాయ్?"

"ఒక్కటి లేదన్నా. సలికి అన్ని అమ్ముడువోయినయ్. పార్శిల్ వస్తది గని ఎప్పుడొస్తదో. ఆ హీటరు గుంజి అవుతల పెట్టు, గుడ్లు పోతే పోనీ."

హీటరు వెలిగితే గుడ్లు ఉడుకుతాయి, ఆరితే ఆ చలికి గుడ్లూ పోతాయి, పెద్ద చేపలూ పోతాయి. భోజన్న కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ నీళ్ల సీసాలన్నీ ఏరుకొచ్చాడు. పొయ్యి మీద నీళ్లు కాచి, సీసాల్లో పోసి, మూత బిగించి తొట్టి నీళ్లపై తేలనిచ్చాడు. చల్లారిన సీసాను తీసి వేడిది వేసేవాడు. మధ్యలో నీళ్లలో వేళ్లు పెట్టి వెచ్చదనం చూసేవాడు. నల్లది ఆ వేళ్లను కొరికేది. "కొరుకు బిడ్డా, నీ ఇల్లు నువ్వు కాసుకో," అనేవాడు ఆయన.

నేను ఊరికే ఉన్నాను. పుట్టి ఎరగని తీరిక. నా పని ఒక మనిషి చేస్తున్నాడు, నాకంటే బాగా చేస్తున్నాడు. ఇంకో వింత ఏమిటంటే, ఆ రాత్రీ, మర్నాడు పగలూ ఆయన మడమ ఒక్కసారి కూడా బ్రేకు వెయ్యలేదు.

అయితే బోర్డు తేదీ ఆ తర్వాతి రోజే. రెండో రోజు సాయంత్రం బస్సుకు బయల్దేరుతూ ఆయన గంగామణికి సీసాల సంగతంతా అప్పజెప్పాడు. "నీళ్లు సల్లవడనియ్యకు గంగా. రేపటిల్లకు పిల్లలైతయ్," అన్నాడు. తాను నడిపే బస్సులో ప్రయాణికుడిగా కూర్చుని పోయాడు.

గంగామణి రాత్రి సీసాలు మార్చింది, పొద్దున మార్చింది. పొద్దెక్కాక, అక్కడ ఆయనను లోపలికి పిలిచే వేళకు, వేడి సీసా చేత పట్టుకుని వచ్చి తొట్టి ముందు ఆగిపోయింది. సీసాను నీళ్లలో వెయ్యలేదు. పక్కన స్టూలు మీద పెట్టింది.

ఆమె మనసులో ఏముందో నాకు చెప్పనక్కర్లేదు. నాలుగు నియాన్లు పోతేనే కుక్కరు మూత తప్పింది, షుగరు తప్పింది. ఇన్ని గుడ్లు పోతే? ఆయన మీది గండమంతా ఒక్క ఊపున పోదా? ఏమీ చేయనక్కర్లేదు. సీసా వెయ్యకపోతే చాలు. అడిగేవాళ్లు లేరు, ఆయనకు తెలియను కూడా తెలియదు.

"ఇన్ని గుడ్లు," అంది పైకే. "ఇవి పోతే ఆయన మీదికెళ్లి ఎంత గండం పోతదో."

స్టూలు మీద సీసా చల్లారుతోంది. తొట్టిలో పాత సీసాలు ఎప్పుడో చల్లారాయి. నాలో టక్కుమంది, తీగ దాకా ఏమీ రాలేదు. తెల్లది అలసిపోయి పక్కకు తప్పుకుంటే నల్లది వచ్చి దాని చోట విసరడం మొదలుపెట్టింది. తెల్లబడిన గుడ్లను ఒక్కొక్కటిగా నోటితో తీసి పారేస్తోంది, మంచివాటికి చెడు అంటకుండా. ఆ పనిని గంగామణి చాలాసేపు చూసింది.

చటుక్కున స్టూలు మీది సీసా అందుకుంది. వంటింట్లోకి పోయి చల్లారిన నీళ్లు పారబోసి, మళ్లీ కాచి, సీసా నింపుకుని వచ్చింది.

"మీ పిల్లల పానం మీద నా మొగని నౌకరి నిలవెట్టుకోనా? నాతోని కాదు పో," అని సీసాను నీళ్లలో వేసింది. తర్వాత కుర్చీలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరునాడు పొద్దున భోజన్న వచ్చాడు. సంచీ గడపలోనే దించాడు. ఆమె అడగలేదు, ఆయనే చెప్పాడు.

"స్టీరింగు ఇయ్యరట. డిపోల గేటు కాడ కూసోమన్నరు, రిటైరయ్యేదాంక."

చెప్పి, కాళ్లు కడుక్కోకుండానే తొట్టి దగ్గరికి వచ్చి వంగాడు. నా ఒంటి మీది గుడ్లు పగిలాయి. వెంట్రుకంత పిల్లలు తలలు నా గాజుకు అతుక్కుని, తోకలు విదిలిస్తున్నాయి. ఇంకా ఈదడం రాదు వాటికి.

"గంగా! ఇటు రా. తోకలూపుతున్నయ్ సూడు!"

గంగామణి వచ్చింది. చూసింది. ఒక్కసారిగా భోరుమంది. ఆయన నౌకరీ కోసమే అనుకుని వీపు నిమరబోతే, చెయ్యి తోసేసింది.

"నీ నౌకరి నేనే పోగొట్టిన. గీ సీసలు ఎయ్యకుంటే అయిపోతుండె. గుడ్లు పోతుండె, నీ గండం పోతుండె. నాకు చేతగాలేదు."

భోజన్న ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తాను నేల మీద కూర్చుని, నెలల తరబడి మింగిన మాటను కక్కేశాడు. ఏ చేపా ఏ గండమూ తీసుకుపోలేదని, నియాన్లను నల్లది తిన్నదని, తాను కళ్లారా చూశానని చెప్పాడు.

గంగామణి ఏడుపు ఆగింది. "మరి అప్పుడెందుకు చెప్పలే?"

"నీకు జెర ధైర్యంగ ఉంటుండె గద. నిన్ను సూస్తే నాకు ఉంటుండె."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"అప్పుడు నా కోసం అబద్ధమాడినోనివి, ఇప్పుడు ఆడవా? నన్ను ఊకోవెట్టెతందుకు చెప్తున్నవు."

"ఒట్టు గంగా."

"ఒట్టు గూడ నా కోసమే ఏస్తవ్ నువ్వు."

ఆయన తొట్టి వైపు చూశాడు, అక్కడెవరైనా సాయమొస్తారేమో అన్నట్టు. తిన్నది నల్లదే, అది చెప్పదు. నియాన్లు చెప్పడానికి లేవు. జావీద్ తన సరుకు మీద తానే చెడ్డ చెప్పుకోడు.

గంగామణి ముక్కు తుడుచుకుని లేచింది. "సీసలు సల్లవడ్డయి. ఆ పొయ్యి ముట్టియ్యి," అంది. ఆయన పోయి ముట్టించాడు. ఆమె నీళ్లలో చెయ్యి పెట్టి, చేతి కింద పిల్లలు కదులుతుంటే, అలాగే ఉంచేసింది. నమ్మిందో లేదో ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను.

ఆయన చెప్పింది నిజమే గంగామణీ. ప్రతి తోకనూ నేను చూశాను. నీ చెయ్యి నాకు బెత్తెడు దూరంలో ఉంది, నేను చెప్పే మాట ఏదీ నీ దాకా రాదు.